డోలు లేని పాట

వర్తినా చిటికెడు పొగాకు తీసి కాగితం మీద పరిచి, సిగరెట్లు చుట్టే పరికరపు చెక్క పిడిని ముందుకు తోసింది. అవతలి అంచున సిగరెట్టు దొర్లి పడింది. పక్కనే ఉన్న కస్మీ దాని రెండు కొసలూ కత్తెరతో కత్తిరించి కట్టలో పెట్టింది. పెళ్లి కాకముందు నుంచీ ఆ ఇద్దరిదీ ఒకటే బల్ల. వర్తినా వేళ్లు పొగాకుకి నల్లబడ్డాయి, దగ్గు ముదిరింది. ఇక ఈ దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇవాళ్టితో పని మానేస్తోంది.

ఇండోనేసియాలో, కుదుస్‌లోని ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. మానేసేవాళ్లు ఆఖరి రోజు మధ్యాహ్నం తమకు నచ్చిన పాటలు స్పీకర్లో పెట్టించుకోవచ్చు. మిగతా రోజుల్లో మేస్త్రీ పర్మోనోదే ఇష్టం. ఆయనకు కావలసింది డోలు. డోలు జోరుగా మోగితే ఆడవాళ్ల చేతులూ జోరుగా ఆడతాయి.

వర్తినా గాయని లిలిక్ సుందారి కొత్త ఆల్బమ్ తెచ్చింది.

"ఆ ఏడుపు పాటలా?" కస్మీ కత్తెర ఆపేసింది. "పోయేదానివి పోతూ మా నెత్తిన ఇదెందుకు రుద్దుతావక్కా? నిద్రొస్తుందే బాబూ!"

"నీ చెవికి డోలు తప్ప ఏం ఎక్కుతుందిలే. నోర్మూసుకుని విను."

ఒకప్పుడు లిలిక్ నడుం తిప్పితే హాలు హాలంతా ఊగిపోయేది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆమె డోలు తీసేసి, ఒక్క వేణువు తోడుగా పాడింది. ఫొటోలు గోడకి అంటించుకున్నవాళ్లే ఇక ఆమె పనైపోయిందన్నారు. వీళ్లా అభిమానులు! వీళ్లు మోహించింది నడుముని, అంతే. మూడో పాటలో పై స్వరం అందక లిలిక్ ఆగిపోతుంది. ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. మళ్లీ అక్కణ్నుంచే, కింది స్వరంలో ఎత్తుకుంటుంది. దాన్ని దిద్దలేదు, దాచలేదు. దగ్గుతెర తగ్గాక వర్తినా ఊపిరి తీసుకునేదీ అలాగే. ఆ ఒక్క చోటు కోసం ఆ పాటను ఆమె ఎన్నిసార్లు విందో. ఈ హాలు కూడా అక్కడిదాకా ఒక్కసారి వింటే చాలనుకుంది.

మొదటి పాటకే కిసకిసలు మొదలయ్యాయి.

"ఎవరు పోయారే?" అని వెనక వరసలోంచి ఒకామె అరిచింది. అందరూ పగలబడి నవ్వారు. రెండో పాటకి చేతులు మందగించాయి. పర్మోనో బల్లల మధ్య నుంచి వచ్చాడు.

"అక్కా, మర్యాదకి రెండు పాటలు విన్నాం. ఇక లిలిక్‌దే పాతది పెడతా. ఆవిడే కదా, ఏవైతేనేం!"

"ఇంకొక్కటి. మూడోది విను తమ్ముడూ."

"మూడోది వింటే వీళ్లందరికీ దుప్పట్లు తెప్పించాలి."

పాత పాట అందుకుంది. డోలు దద్దరిల్లింది. ఆడవాళ్లు కేకలు వేస్తూ భుజాలు ఊపారు. గొర్రెలు, అనుకుంది వర్తినా. వీళ్లకి పాటెందుకు, తప్పెట చాలు.

అప్పుడు తన చేతులు కంటబడ్డాయి. డోలు దెబ్బకొక సిగరెట్టు చుట్టేస్తున్నాయి, ఆ వరసలో అందరి చేతులకంటే జోరుగా. ఇన్నాళ్లూ హాలు మీద ఉన్న అసహ్యమంతా ఆ రెండు చేతుల మీదికి వచ్చిపడింది. ఆమెకి ఏడుపొచ్చింది. చేతులు ఒళ్లోకి లాక్కుని కాసేపు కూర్చుంది. తర్వాత తల మీది ముసుగు సర్దుకుని లేచింది.

"ఎక్కడికక్కా? ఇంకా గంట కొట్టలేదు," అంది కస్మీ. "నీ కోసమని అన్నం పొట్లాలు కూడా తెప్పించారు."

"ఆ పాట వింటూ మీరే తినండి."

గుమ్మం దగ్గర దగ్గు పట్టుకుంది. తలుపు పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా మెట్లు దిగిపోయింది. డోలు హోరులో ఆ ఊపిరి చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

కస్మీ అలవాటుగా కత్తెరతో చెయ్యి చాచింది. బల్ల మీద చెక్క పిడి సగంలో ఆగి ఉంది. దాని కింద సగమే చుట్టుకున్న కాగితంలోంచి పొగాకు బయటికి రాలుతోంది.