తెడ్డు చప్పుడు

మా శాన్ హసింతోలో బస్సు దిగిన ప్రతివాడూ తిన్నగా నా కొబ్బరాకుల పందిరి కిందికే వస్తాడు. బోండాం చేతికి తీసుకుని, చెప్పులు విప్పి, మొట్టమొదట అడిగేది ఒకటే. "సెన్యోరా, మీ ఊళ్ళో చూడ్డానికి, చేయడానికి ఏమేం ఉన్నాయి?" తెల్లారింది మొదలు నాకు పని తెమలదు, వీళ్ళేమో పని వెతుక్కుంటూ ఇంత దూరం వస్తారు. అయినా నవ్వుమొహం పెట్టి చెబుతాను. అలల మీద పలకేసుకుని పడి లేవండి. ఉయ్యాల్లో పడుకుని, నిమ్మకాయ పిండిన వేపుడు చేప తినండి. సాయంత్రం తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలండి. పొద్దున్నే మా ఆయన పడవెక్కి మడుగులో మొసళ్ళను చూడండి. ఆ చివరి మాట ఈ మధ్య చెప్పడం మానేశాను.

మా ఆయన నబోర్ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు. మాట మంచిది, మనసు మంచిది. ఎదుటివాడి మొహం చిన్నబోతే మాత్రం చూడలేడు. ఆ మొహం మళ్ళీ వెలగడానికి అప్పటికప్పుడు ఏది తోస్తే అది చేసేస్తాడు. పెళ్ళికి ముందు ఆ గుణం చూసే మురిసిపోయాను.

మొసలి ఒక పట్టాన కనబడదు. గంటల తరబడి మడచెట్ల మధ్య తిప్పినా ఒక్కోసారి కొంగలూ పీతలూ తప్ప ఏమీ కనబడవు. వచ్చినవాళ్ళు మూతులు ముడుచుకుని దిగిపోయేవారు. అది నబోర్ తట్టుకోలేకపోయాడు. మొసళ్ళకు తిండి వెయ్యకూడదని మా పడవలవాళ్ళ సంఘం ఎప్పుడో తీర్మానించింది. ఆ రోజు అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఈయనే. అలాంటివాడు ఎవరికీ చెప్పకుండా ఒక ముసలి ఆడమొసలిని చేప పేగులకు మరిగించాడు. తెడ్డుతో పడవ అంచు మీద టకటకా కొట్టి, పేగులు విసిరేవాడు. కొన్నాళ్ళకు చప్పుడు వింటే చాలు, అది వేర్లలోంచి జారి పడవ పక్కకు వచ్చి నోరు తెరిచేది. దానికి దోన్యా చోనా అని మా అమ్మ పేరు కూడా పెట్టాడు.

"మా అత్తగారండీ. పిలిస్తే గానీ రారు," అని నవ్వించేవాడట టూరిస్టుల్ని. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ పిలవకుండానే వచ్చేది, అది వేరే సంగతి.

ఆ పేగులు నా పందిరి నుంచి వెళ్ళినవే. పీతల బుట్టకి ఎర అని చెప్పి బకెట్టు పట్టుకెళ్ళేవాడు. ఇంటికి ఒక్క పీత కూడా రాలేదు. నేనూ ఎందుకని అడగలేదు.

మడుగులో లీసా చేపలు పట్టే పద్ధతి ఒకటుంది, మా తాతలు కూడా అలాగే పట్టేవారు. కాలువ మూతికి అడ్డంగా వల కట్టి, ఒకరు దాని పక్కన ఛాతీ లోతు నీళ్ళలో నిలబడతారు. ఇంకొకరు ఎగువ నుంచి చిన్న దోనెలో వస్తూ తెడ్డుతో దోనె అంచు మీద కొడతారు. ఆ మోతకు చేపలు బెదిరి వలలోకి ఉరుకుతాయి. అదే మోతకు మొసళ్ళు దూరంగా తప్పుకుంటాయి. ఆ ధైర్యంతోనే మావాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. దోనెలో కూర్చున్న పిల్లలకు మేం మొదట నేర్పేది ఈ కొట్టడమే. భయమేస్తే ఇంకా గట్టిగా కొట్టాలని చెబుతాం.

నెరెయిదాకు ఆ మాట నేర్పింది నబోరే. నెరెయిదా మా కొంపాద్రె క్రిస్పిన్ కూతురు. బాప్తిస్మం రోజున ఆ పిల్లను చేతుల్లో పట్టుకుని నిలబడింది మేమిద్దరమే. ఆ రోజు నుంచి మేం దానికి పద్రీనో, మద్రీనా, అంటే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి; దాని తండ్రీ మా ఆయనా ఒకరికొకరు కొంపాద్రెలు. మాకు పిల్లల్లేరు. తల్లి పోయాక అది మా ఇంట్లోనే సగం పెరిగింది. పెద్దదయ్యాక తండ్రికి చేదోడుగా దోనె నడుపుతోంది.

ఈస్టర్ సెలవుల జనం వెళ్ళిపోయిన వారంలో ఒక పొద్దున క్రిస్పిన్ వల దగ్గర నిలబడ్డాడు, నెరెయిదా తెడ్డు కొడుతూ దిగువకు వస్తోంది. దోనె పక్కన నీళ్ళలో ఒక నల్లటి వీపు కనబడింది. పిల్ల బెదిరింది. బెదిరి, మా ఆయన నేర్పినట్టే ఇంకా గట్టిగా కొట్టింది. ఆ వీపు పక్కకు తప్పుకోలేదు. దోనెతో పాటే వల దాకా వచ్చింది. అక్కడ చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి, వాటి మధ్య క్రిస్పిన్ చెయ్యి ఉంది.

పట్నం ఆసుపత్రిలో ఆ చెయ్యి మోచేతి దాకా తీసేశారు. కుడిచెయ్యి.

మేం చూడ్డానికి వెళ్ళాం. క్రిస్పిన్‌కు నొప్పి కన్నా తికమక ఎక్కువగా ఉంది.

"నాకొకటి అంతుపట్టట్లేదు కొంపాద్రె," అన్నాడు. "పిల్ల కొడుతూనే ఉంది. నా చెవులారా విన్నాను. మోత వినబడుతుంటే మొసలి ఎలా వస్తుంది చెప్పు? మడుగు సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

నబోర్ మంచం కోడు వైపు చూస్తూ నిలబడ్డాడు. చెప్పాల్సిన సమయం అదే. ఎదురుగా క్రిస్పిన్ మొహం ఉంది, ఆ మొహం చూస్తూ చెప్పడం ఈయన వల్ల కాలేదు.

"మోత చాల్లేదేమో కొంపాద్రె," అన్నాడు. "ఎంతైనా ఆడపిల్ల. చెయ్యి నొప్పెట్టి మెల్లగా కొట్టి ఉంటుంది."

నెరెయిదా గుమ్మంలో నిలబడి ఉంది, తండ్రి కోసం తెచ్చిన చారు గిన్నె పట్టుకుని. ఆ గిన్నె కింద పడలేదు. పిల్ల నెమ్మదిగా లోపలికొచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ మాట మాకన్నా ముందే ఊరు చేరింది. నా పందిరి కింద కూర్చుని నా చేపే తింటూ ఒకావిడ మొదలెట్టింది.

"ఫోన్ చూసుకుంటూ కూర్చుందటగా? తెడ్డు ఒళ్ళో పెట్టుకుని?"

"నువ్వు చూశావా?"

"అందరూ అంటున్నారు. మీ ఆయనే అన్నాడట."

"ముల్లు గొంతులో ఇరుక్కునేలోపు తిని లేచిపో తల్లీ," అన్నాను. మా ఆయన అనలేదని మాత్రం నేను అనలేకపోయాను.

నబోర్ మోటారు పాడైందని చెప్పి పడవ ఒడ్డుకు లాగేశాడు. నిజానికి మోటారుకి ఏ రోగమూ లేదు. టూరిస్టులు మటుకు మునుపటి కన్నా ఎక్కువైపోయారు. చెయ్యి తిన్న మొసలి ఎక్కడ ఉంటుందని నన్నే అడిగేవారు. వాళ్ళ మీద సలసల కాగే నూనె పోయాలనిపించేది. మా ఆయన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రొట్టె చేతికిస్తే రెండు ముక్కలు చేసి, రెండూ పళ్ళెంలోనే వదిలేసేవాడు.

ఒకరోజు గరిటెకు అంటుకున్న పిండి రాలడానికి గిన్నె అంచు మీద టకటకా కొట్టాను. నబోర్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"అలా కొట్టకు ఒర్తెన్సియా. నీకు దణ్ణం పెడతాను, ఆ చప్పుడు చెయ్యకు."

ఆ మొహం చూశాక నాకు బకెట్టు గుర్తొచ్చింది, ఇంటికి రాని పీతలు గుర్తొచ్చాయి. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం. చెబితే, ఆ చెయ్యి పోవడంలో నా బకెట్టుకు కూడా వాటా ఉందని ఒప్పుకోవాలి. అలా ఒకే ఇంట్లో, ఒకే పాపం చెరో వైపు కప్పుకుని పడుకున్నాం. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

క్రిస్పిన్ ఇంటికొచ్చాడు. నెరెయిదా మళ్ళీ తెడ్డు ముట్టలేదు. తండ్రికి అన్నీ చేసి పెట్టేది, ఎదురుగా మాత్రం కూర్చునేది కాదు. మా ఇంటి వైపు రావడమే మానేసింది.

తరవాత ఒక మధ్యాహ్నం వచ్చింది, భుజాన సంచీతో. పొడుగాటి జడ కత్తిరించి, చర్చిలో మాత పాదాల దగ్గర మొక్కుగా పెట్టి వస్తోంది. ఆ బోసి మెడ చూసి నాకు ఏడుపు ఆగలేదు.

"ఉత్తరాన టమాటా తోటల్లో పనికి వెళ్తున్నాను మద్రీనా. సాయంత్రం బస్సుకి. నాన్నను చూస్తుండడానికి మేనత్త వస్తానంది."

"ఎందుకే? ఎవరేమన్నారని?"

"ఎవరూ ఏమీ అనక్కర్లేదు. ఆయన చొక్కా గుండీలు నేనే పెడతాను రోజూ. ఒక్క మాట అనడు. అంటే బాగుండు." తరవాత నబోర్ వైపు తిరిగింది. "దీవించండి పద్రీనో. మీ దీవెన లేకుండా బస్సెక్కలేను."

అని మా మట్టి నేల మీద మోకరిల్లి తల వంచింది. ఊరు విడిచి వెళ్ళే బిడ్డ నుదుటి మీద పద్రీనో శిలువ గుర్తు వెయ్యాలి. నబోర్ చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. పిల్ల తల వంచుకునే ఉంది, ఎదురు చూస్తోంది. దీవెన ఆలస్యమవడం కూడా తన తప్పు వల్లేనని అనుకుంటోందని నాకు అర్థమైంది.

"లే తల్లీ," అన్నాడు నబోర్. "ఈ చేత్తో వద్దు. లేచి మడుగు దగ్గరికి రా."

"మడుగు మొహం చూడను పద్రీనో."

"ఒక్కసారి రా. ఆ తరవాత బస్సు ఎక్కినా ఆపను."

ముగ్గురం వెళ్ళాం. పాడైందన్న మోటారు ఒక్క లాగుకే అందుకుంది. పిల్ల దాని వైపు ఒకసారి చూసింది. మడచెట్ల మలుపులో నబోర్ మోటారు ఆపి తెడ్డు తీశాడు. చేతిలో పేగుల్లేవు, బకెట్టు లేదు. పడవ అంచు మీద కొట్టాడు, టకటకా.

నీళ్ళు కదల్లేదు. రాకూడదని నేను మనసులో మొక్కుకున్నాను. మళ్ళీ కొట్టాడు.

వేర్ల మధ్య నుంచి అది జారింది. తొందరపడకుండా, అన్నానికి పిలిస్తే వచ్చే ఇంటి మనిషి లాగా వచ్చింది. నా వైపు చూడలేదు, పిల్ల వైపు చూడలేదు. నబోర్ కూర్చున్న వైపుకే వచ్చి, నోరు తెరుచుకుని ఆగింది.

నెరెయిదా ఆ తెరిచిన నోటి వైపు, తరవాత నబోర్ వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడాది వానల ముందు నుంచి," అన్నాడు నబోర్. "నేనే మరిగించాను. ఈ చప్పుడుకే మరిగించాను."

"నేను గట్టిగా కొట్టాను పద్రీనో."

"తెలుసు తల్లీ."

"నా పక్కనే కనబడింది. మీరు నేర్పినట్టే ఇంకా గట్టిగా కొట్టాను. నేను కొడుతున్నకొద్దీ..." మాట పూర్తి చెయ్యలేక చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతో తానే తండ్రి దగ్గరికి దాన్ని తీసుకెళ్ళానని ఇప్పుడు కొత్తగా తెలిసింది పాపం. ఆ తరవాత నా వైపు చూసింది.

"మీకు తెలుసా మద్రీనా?"

కొంచెమే తెలుసని, ఆలస్యంగా తెలుసని చెప్పడానికి నోరు రాలేదు.

"తెలుసు," అన్నాను.

ఒడ్డు దిగాక పిల్ల మా ముందు నడిచింది, మేం వెనకాల. క్రిస్పిన్ తన పెరట్లో ఉయ్యాల మీద కూర్చుని, వల చిరుగును కాలివేళ్ళతో బిగబట్టి ఎడమచేత్తో ముడి వెయ్యాలని తంటాలు పడుతున్నాడు. నబోర్ కంచె తలుపు దగ్గరే ఆగి మొత్తం చెప్పాడు. పేగులూ, చప్పుడూ, ఆసుపత్రిలో అన్న మాటా. ఏదీ తగ్గించలేదు, ఏడవలేదు కూడా. ఏడిస్తే క్రిస్పిన్ ఓదారుస్తాడేమోనని భయపడ్డాడని నా అనుమానం.

క్రిస్పిన్ కూతురి వైపు తిరిగాడు.

"ఆ రోజు ఎంత గట్టిగా కొట్టావే?"

పెరట్లో దోనె బోర్లించి ఉంది. దాని పక్కన, ఆ రోజు పడేసిన చోటే తెడ్డు ఉంది. నెరెయిదా సంచీ కింద పెట్టి, తెడ్డు తీసి, రెండు చేతులతో కొట్టింది. కోళ్ళు చెదిరిపోయాయి. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. అది ఏడుస్తూ కొడుతూనే ఉంది. క్రిస్పిన్ కళ్ళు మూసుకుని విన్నాడు.

"చాలమ్మా. ఇదే మోత. ఆ రోజు నేను విన్నది ఇదే."

అప్పుడు మా ఆయన వైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. కోపమే ఉంటే బాగుండేది.

"నా చెవులతో విన్నాను నబోర్," అన్నాడు. కొంపాద్రె అనలేదు. "నువ్వు కాదన్నావని నా చెవుల్ని నమ్మలేదు. నా పిల్లను నమ్మలేదు. చెయ్యి పోతే పోయింది. ఇన్నాళ్ళూ దాని మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు నేను."

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. నెరెయిదా కదల్లేదు. తండ్రి పక్కన నేల మీద కూర్చుని, వల చిరుగు రెండో కొస పట్టుకుంది. ఆయన ఎడమచేత్తో దారం చుట్టాడు. ముడి పడింది.

ఆ సంగతి తెలిశాక మా మడుగులో ఎవరూ తెడ్డు మోగించడం లేదు. గుడ్డ పేలికలు కట్టిన తాడు నీళ్ళలో లాగి లీసాలను తోలుతున్నారు. చేపలు సగం కూడా పడవు. నబోర్‌ను ఎవరూ తిట్టడం లేదు. వలలు ఎత్తుకుని మా పందిరి ముందు నుంచే వెళ్తారు, మునుపు పలకరించినట్టు పలకరించరు.

మా ఊళ్ళో కొంపాద్రె గడపలోకి వస్తే, వాడు నోరు తెరిచేలోపు కుర్చీ లాగి వేస్తారు. ఎంత గొడవపడ్డా ముందు కుర్చీ వేసి తరవాత తిడతారు. నబోర్ అంతా చెప్పిన ఆ సాయంత్రం క్రిస్పిన్ పెరట్లో రెండు కుర్చీలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. పొమ్మని ఎవరూ అనలేదు. చీకటి పడే దాకా మేమిద్దరం కంచె దగ్గర నిలబడే ఉన్నాం.