కడుపు బిగబట్టిన కొలత

ఐసు పెట్టె భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కేసరికి నర్సుకు ప్రాణం ఉసూరుమంది. ఉదయం నుంచి తిరుగుతున్నా రక్తం సీసాలతో పెట్టె సగం కూడా నిండలేదు. కింది అంతస్తు మాస్టారు తలుపే తీయలేదు. ఎదురింటావిడ "టీకా వేశారు, బతికే ఉన్నాం, ఇంకా మా రక్తంతో మీకేం పని?" అని మొహం మీదే అనేసింది. టీకా ఇచ్చిన రక్షణ ఒంట్లో ఎన్నాళ్ళు నిలుస్తుందో తేలాలంటే అదే మనుషుల రక్తాన్ని మళ్ళీ మళ్ళీ చూడాలి. సూది కోసం తోసుకున్న మనం, ఆ తర్వాత అది ఏమైందని ఎప్పుడైనా అడిగామా?

ఒక్క దర్జీ మాత్రం ఆమెను ఎప్పుడూ వట్టి చేతులతో పంపలేదు. పెద్దవయసువాళ్ళలో నమ్మకంగా మిగిలింది ఆయనే. ఇవాళ కూడా చొక్కా చేయి మడిచి, కుట్టుమిషను పక్కన సిద్ధంగా కూర్చున్నాడు.

"ఈసారి చూడమ్మాయ్, నా రక్తం దుమ్ము దులిపేస్తుంది!"

"ఏం బాబాయ్, అంత ధీమా?" అంది నర్సు సూది తీస్తూ.

వంటగదిలోంచి ఆయన భార్య అందుకుంది. "ధీమా కాకేం! మొన్నామధ్య ఎవరికీ చెప్పకుండా పోయి ఇంకో టీకా పొడిపించుకొచ్చాడు. పోయినసారి రక్తంలో రక్షణ తగ్గిందన్నావట, పరువు పోయిందని ఒకటే దిగులు."

నర్సు చేయి ఆగిపోయింది. "అయ్యో, తగ్గిపోయింది బాబాయ్" అన్నది తానే. మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి ఓదార్చినట్టు అంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవడానికీ ఓపిక లేదు. విననట్టు ఊరుకుని రక్తం తీసుకుపోతే అడిగేవాళ్ళు లేరు. పెట్టె కూడా కాస్త నిండుతుంది.

సూది పక్కన పెట్టేసింది.

"మీ వయసువాళ్ళకి ఎన్నాళ్ళకి తగ్గుతుందో చూసే, తర్వాతి టీకా ఎప్పుడెయ్యాలో తేలుస్తారు బాబాయ్. ఈ కొత్త టీకా వల్ల తగ్గలేదని మీ రక్తం చెబితే, ఇంకా తొందరేం లేదనుకుంటారు. అప్పుడు పిన్నిలాంటివాళ్ళ గతేంటి?"

పిన్ని దగ్గుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. దర్జీ ఆమె వంక చూసి తల దించుకున్నాడు. మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకున్నాడు.

"కొలతలిచ్చేటప్పుడు కడుపు బిగబట్టి నిలబడతారమ్మాయ్ కొందరు. తీరా తొడిగితే గుండీ పట్టదు. వాళ్ళని చూసి ఇన్నేళ్ళూ నవ్వుకున్నాను. మరి నేను చేసిందేంటి?" అన్నాడు. "ఇంక నా రక్తం పనికిరాదా?"

"ఈ లెక్కకి పనికిరాదు బాబాయ్."

ఆయన మడిచిన చేతిని నెమ్మదిగా దించుకుని లేచాడు. మోకాళ్ళు పట్టుకుంటూ ఆమె వెంట మెట్లు దిగి, మాస్టారి తలుపు తట్టాడు. తలుపు కాస్త తెరుచుకుంది.

"ఇది మార్కులేసే వ్యవహారం కాదు మాస్టారూ, కొలత," అన్నాడు దర్జీ అలసిన గొంతుతో. "తగ్గితే సిగ్గేం లేదు. ఉన్నదున్నట్టు చూపించండి, అప్పుడే అందరికీ సరిపోయేది కుట్టగలరు."