పెన్సిలుతో రాసిన నలభైమూడు

చూపుడువేలు అంకెల వరస మీద జరుపుకుంటూ, పెదాలు కదిలిస్తూ పెద్దాయన పైనుంచి కిందికి కూడుకొస్తున్నాడు. గ్రహాల నడకను గమనించే వేధశాలలో, లెక్కల గదిలో ముప్పయ్యేళ్ళుగా కిటికీ పక్క బల్లే ఆయనది. చొక్కా మోచేతుల దగ్గర నున్నగా అరిగింది. కళ్ళద్దాలకు ఒక కాడ బదులు దారం.

బుధగ్రహం సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు ఏటేటా రవ్వంత జరుగుతుంది. మిగతా గ్రహాల లాగుడంతా లెక్కేసినా నూరేళ్ళకు నలభైమూడు వికలలు మిగిలిపోతాయి. వికలంటే డిగ్రీలో మూడువేల ఆరువందలవ వంతు, వెంట్రుకవాసి వ్యవహారం. ప్రపంచమంతటా అంతే మిగులుతున్నా, తప్పు తన కూడికలోనే ఉందని పెద్దాయన మొండిపట్టు. తేలిన అంకె సిరాతో, తేలనిది పెన్సిలుతో రాయడం ఆ గది ఆనవాయితీ. నలభైమూడు పెన్సిల్లోనే ఉండిపోయింది. తోటివాళ్ళు ఆయన్ని "నలభైమూడుగారూ" అని పిలిచి నవ్వుకునేవారు.

భార్య మంచాన పడ్డప్పుడు ఇంటినుంచి కబురొస్తే, "ఈ ఒక్క పేజీ తేల్చుకుని వస్తానని చెప్పు" అన్నాడు. పేజీ తేలలేదు. ఇల్లు చేరేసరికి ఆమె లేదు. ఈ నెలాఖరుతో ఉద్యోగం అయిపోతుంది. ఈలోగా తప్పు దొరికితే, ఆనాటి ఆలస్యానికి ఒక అర్థమైనా ఉంటుందని ఆయన ఆశ.

భోజనాలయ్యాక వేధశాల అధికారి పత్రిక పట్టుకుని గబగబా వచ్చాడు.

"నలభైమూడుగారూ, తేలిపోయిందండీ! సూర్యుడి బరువుకి చుట్టూ ఉన్న చోటూ కాలమూ వంగుతాయట. ఆ వంపు కలుపుకుంటే సరిగ్గా మీ నలభైమూడే వస్తోంది!"

"అయితే... నా కూడికలో తప్పు?"

"లేదండీ. మొదట్నుంచీ లేదు."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. లేని తప్పు వెతుకుతూ భార్యను కాచుకోబెట్టాడన్నమాట.

"ఆ రోజు వెళ్ళిపోవాల్సింది సార్," అన్నాడు.

ఏ రోజో అధికారికి అంతుబట్టలేదు. అలసిపోయి ఉంటాడనుకుని వెళ్ళిపోయాడు. పెద్దాయన కలం సిరాలో ముంచి, పెన్సిలు గీతలమీదే మెల్లగా నలభైమూడు దిద్దాడు. తరవాత చేతులు మడిచి, తల వాటిమీద వాల్చాడు.

సాయంత్రం కూతురు రోజూలాగే ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చింది.

"నాన్నా, లే. చీకటి పడుతోంది."

భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆమె అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది.

బల్లమీద సిరా ఆరిపోయింది. దాని పక్కన, మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెడదామని చెక్కి ఉంచుకున్న పెన్సిలు, మొన అరగకుండా ఉంది.