రెండు ఫైళ్లు మోసిన చీరల సంచి

నేను ఒక బట్టల కొట్టు సంచిని. చూడ్డానికి గుడ్డలా ఉంటాను గానీ గుడ్డను కాను; ముట్టుకుంటే ప్లాస్టిక్కని తెలిసిపోతుంది. ఒక రేకుల షెడ్డులో, నాలాంటి వేలమంది అక్కచెల్లెళ్లతో పాటు ఒకేరోజు పుట్టాను. నా పొట్టమీద నగలు దిగేసుకున్న పెళ్లికూతురి బొమ్మ అచ్చువేశారు. అచ్చు కాస్త కిందికి జరగడంతో పెదాల ఎరుపు గడ్డం మీద పడింది. ఆ పిల్ల నెత్తురు కక్కుకుందని చూసినవాళ్లు అనుకుంటారేమోనని నాకు మొదటిరోజు నుంచీ బెంగ. చేరిన ఇల్లు కూడా బెంగలకు పెట్టింది పేరు.

తణుకులో వెంకాయమ్మగారింటికి ఒక పట్టుచీరను మోసుకెళ్లాను. చీర బీరువాలోకి పోయింది, నన్ను మడిచి పరుపు కింద పెట్టారు. వెంకాయమ్మగారికి ఎనభై రెండేళ్లు. ఐదో తరగతి దాకా చదివారు. ఎవరైనా దగ్గితే క్షయ, తుమ్మితే నిమోనియా, ఫోను రెండుసార్లు మోగితే ఎవరో పోయారు. ఇదీ ఆవిడ లెక్క. కొడుకు సూరిబాబు ముప్పయ్యేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక ఆ ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. అరవై రెండేళ్ల ఆ మనిషి ఇప్పటికీ గుమ్మం దాటాలంటే, "చెవుల్లో దూది పెట్టుకున్నావట్రా?" అన్నదానికి జవాబు చెప్పే దాటాలి.

మొన్నటేడు సూరిబాబుకు మూత్రం సరిగా రావడం లేదని పరీక్షలు చేసి, ప్రొస్టేటు గ్రంథిలో క్యాన్సరని తేల్చారు. కాగితాలు పెట్టుకోవడానికి ఆసుపత్రివాళ్లు క్యాన్సరని పెద్ద అక్షరాలున్న కవరొకటి ఇచ్చారు. "ఇది పట్టుకుని వీధిలో నడిస్తే ఊరంతా పరామర్శకొచ్చేస్తార్రా" అని వెంకాయమ్మగారు పరుపెత్తి నన్ను తీశారు. అరుగుల మీద ఆడవాళ్లు "ఏం చీరలండీ మామ్మగారూ?" అంటే, "జరీ బాలేదే అమ్మా, మార్చుకోడానికెళ్తన్నాం" అంటూ సాగిపోయేవారు. స్కాను ఫిల్ము నాలోంచి జానెడు పైకి తొంగిచూస్తూనే ఉండేది.

అసలు సంగతి చెప్పాలి. నాలో ఉన్నవి రెండు ఫైళ్లు. పైనున్న ఎర్రది క్యాన్సరుది. అడుగున, ఇడ్లీ డబ్బా కింద, తువ్వాలు చుట్టి పెట్టిన నీలంది గుండెది. నాలుగేళ్ల కిందట సూరిబాబుకు గుండెపోటొస్తే స్టంటు వేశారు. ఆ ఇంట్లో మాత్రం గుండె అన్న మాట ఎవరూ అనరు. అంటే మళ్లీ వస్తుందని వెంకాయమ్మగారి భయం. "ఆ గ్యాస్ పట్టినప్పుడు" అంటారు. విని విని సూరిబాబు కూడా అలాగే అనేవాడు. నీలం ఫైలు వెంట తెచ్చేది దారిలో ఏమన్నా అయితే పనికొస్తుందని. దాచేది, గుండె సంగతి తెలిస్తే క్యాన్సరుకు మందివ్వరని. ఈ రెండు భయాలనూ ఒకే సంచికి అప్పజెప్పడం ఆవిడకే చెల్లింది.

నాకు చదువు రాదు. కానీ కాగితాలు కడుపులో పెట్టుకు తిరిగితే ఎంతోకొంత ఒంటబడుతుంది. డాక్టర్లు మనిషిని బాగానే పంచుకున్నారు. గుండె డాక్టరు బొడ్డు దాటి కిందికి దిగడు, క్యాన్సరు చూసేవాళ్లు బొడ్డు దాటి పైకి రారు. ఆ సరిహద్దు దగ్గర నేను వేలాడుతూ ఉండేదాన్ని.

విజయవాడ ఆసుపత్రి కౌంటరులో వెంకాయమ్మగారు "మా అబ్బాయికి చూపించాలమ్మా, సూరిబాబు" అన్నారు. "పిల్లల డాక్టరు రెండో అంతస్తండీ" అంది అక్కడి అమ్మాయి తలెత్తకుండా. వెళ్లాం. గోడమీది ఏనుగు బొమ్మ కింద కూర్చున్న సూరిబాబు మీసాలు చూసి ఇద్దరు చంటిపిల్లలు గుక్కపట్టారు.

చివరికి క్యాన్సరు డాక్టరమ్మ గది దొరికింది. చిన్నవయసామె. ఎర్రఫైలు తిరగేసి, "మగ హార్మోను ఈ గడ్డకు మేతలాంటిదండీ. దాన్ని ఆపే ఇంజెక్షను మూడు నెలలకొకటి మొదలుపెట్టి, తర్వాత రేడియేషను, అదే కరెంటు, పెడదాం. గుండె జబ్బేమన్నా ఉందా?" అంది.

సూరిబాబు నోరు తెరిచేలోపు తల్లి మోచెయ్యి డొక్కలో దిగింది. "అలాంటియ్యేం లేవమ్మా."

డాక్టరమ్మ చీటీ రాయడం మొదలుపెట్టింది. నీలంఫైలు నా అడుగున మండుతున్నట్టే ఉంది.

"ఛాతీలో నొప్పిగానీ ఆయాసంగానీ ఎప్పుడైనా?"

"అబ్బే! ఒకసారి గ్యాస్ పట్టిందంతే."

"దేంతో తగ్గింది?"

"మాత్రలకి లొంగలేదమ్మా. స్టంటేశారు."

పెన్ను ఆగింది. "గ్యాస్‌కి స్టంటేశారా?"

"ఆయ్. పెద్ద గ్యాసండి."

సూరిబాబు తల దించుకున్నాడు. "గుండెపోటేనండి. మా అమ్మ ముందు ఆ మాట అనకూడదండి."

వెంకాయమ్మగారు భోరుమన్నారు. "చెప్తే మందివ్వరు గదమ్మా! ఇవ్వకపోతే ఇది తినేస్తది. ఇస్తే అది ఆగిపోతది. నన్నేం చెయ్యమంటావు?"

"మామ్మగారూ, మీరు ఒక్క ముక్కలో చెప్పినదానికి మేం పెద్ద పెద్ద సభలు పెట్టుకుంటామండీ" అంది డాక్టరమ్మ. "చెప్తే మందు మానం, ఏ మందో చూసుకుంటాం. ఈ వైద్యంలో ఒళ్లూ, షుగరూ, కొవ్వూ పెరగొచ్చు. ఒకసారి పోటొచ్చిన గుండెకు అది మంచిది కాదు. నెలనెలా పొట్టమీద చేసే ఇంకో రకం ఇంజెక్షను ఉంది. దాంతో గుండెకు ఇబ్బంది తక్కువని కొన్ని పరిశోధనల్లో వచ్చింది, కొన్నింట్లో తేడా కనబళ్లేదు. ఖాయంగా చెప్పలేను. ఏది చేసినా ముందు గుండె డాక్టరు చూడాల్సిందే."

"ఖాయంగా చెప్పలేవా?"

"లేనండీ."

చిత్రంగా వెంకాయమ్మగారి ఏడుపు ఆగింది. ఏం పర్లేదనే డాక్టర్లను ఆవిడ ఎన్నడూ నమ్మలేదు. ఇన్నాళ్లకు తనతో పాటు భయపడే డాక్టరు దొరికింది. ఇడ్లీ డబ్బా జరిపి, పచ్చడి మరకతో ఉన్న నీలంఫైలు తీసి బల్లమీద పెట్టారు.

పై అంతస్తులో గుండె డాక్టరు ఆ ఫైలు చదివి, "కొవ్వు మాత్ర వేసుకుంటున్నారా?" అన్నాడు. సూరిబాబు నసిగాడు. "రెండేళ్లయిందండి మానేసి. గ్యాస్ తగ్గిపోయింది గదాని." వెంకాయమ్మగారు నా చెవులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ మాట పుట్టించింది తనే. కొడుకును కాపాడుతుందనుకున్న మాట రెండేళ్లుగా వాడి మందు మాన్పించింది.

మాత్ర మళ్లీ మొదలైంది. గుండె పరీక్షలయ్యాయి. డాక్టర్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. రెండు వారాల తర్వాత సూరిబాబే తేల్చాడు, నెలనెలా చేసేదే చేయించుకుంటానని.

"నెలకోసారి ఆ హైవే మీదట్రా? లారీలు!"

"ముప్పయ్యేళ్లు ఆ రోడ్డు మీదేగదమ్మా బతికింది. నెలనెలా వస్తే ఇద్దరు డాక్టర్లూ చూస్తారు. తేడా ఉంటే ముందే పట్టుకుంటారు."

ఆవిడ రెండు ఫైళ్లూ పక్కపక్కనే నాలో సర్దారు.

ఇంజెక్షను గదిలోకి సూరిబాబునొక్కణ్నే పంపించారు. బయట బల్లమీద వెంకాయమ్మగారు నన్ను రొమ్ముకు అదుముకుని కూర్చున్నారు. అప్పుడు విన్నాను. ఆవిడ గుండె నా వీపుకు కొట్టుకుంటోంది. పరుగెడుతుంది, ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పుతుంది, తడుముకుని మళ్లీ అందుకుంటుంది. ఎనభై రెండేళ్లలో దాని గురించి ఎవరూ ఒక్క కాగితం రాయలేదు. ఆ వరండాలో వచ్చేపోయే తెల్లకోట్లకేసి చూశాను. చెప్పేదెలా? నేను సంచిని, మోయడమే తెలిసినదాన్ని. అందుకే మీకు చెబుతున్నాను.