మసివీరుడి చేతులు

నన్ను హీరోను చేసిన సినిమాకు జగిత్యాల థియేటర్ ముందు కట్టిన ఫ్లెక్సీ కొట్టింది నేనే, కోరుట్లలో నా సొంత షాపులో. 'నిజంగా జరిగిన కథ' అని అడుగున్నర అక్షరాలు. కొట్టేటప్పుడు ఎంత మురిసిపోయానో! ఛీ, ఇప్పుడు నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

నిజంగా జరిగింది ఇది. గల్ఫులో మేముండే క్యాంపు అంటుకుంది. లోపల ఏడుగురం ఇరుక్కున్నాం. ఉన్న ఒక్క ఇనుప షట్టర్ ఎంత లేపినా కిందికే జారుతోంది. చందుర్తి మధుకర్ దాని కింద భుజం పెట్టి నిలబడ్డాడు. వాడి పక్క నుంచి ఆరుగురం పాకి బయటపడ్డాం. ఆఖరివాణ్ని నేను. "ధనన్నా, నువ్వు బయటికెల్లి పట్టు, నేనొస్త" అన్నాడు. షట్టర్ కాలుతోంది. నేను చెయ్యి పెట్టలేదు, ఉరికాను. వాడు వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు.

ఊరికి వచ్చాక ఈ మాట నోటితో చెప్పలేకపోయాను. బొమ్మలు వేయడం వచ్చు కనుక కామిక్ పుస్తకం గీశాను. అందులో నేను మసివీరుణ్ని, అగ్గి నన్ను కాల్చదు. మధుకర్ దూలమన్న, ఎంత బరువైనా మోస్తాడు. అగ్గి కాల్చని చేతులుండి కూడా మసివీరుడు ఆ షట్టర్ పట్టుకోడు. తర్వాత ఊళ్లకు ఊళ్లను కాపాడతాడు, దండలు వేయించుకుంటాడు, ఆ రెండు పిలుపులు మాత్రం చెవుల్లోంచి పోవు. ఆ శక్తి కావాలనే ఇచ్చుకున్నాను. లేకుంటే 'కాలుతుందని భయపడ్డాడు పాపం' అని జనం నన్ను వదిలేస్తారు.

మధుకర్ తల్లి సాయవ్వకు చదువు రాదు. బీడీల ఆఫీసులో సంతకం కోసం నేర్చుకున్న తన పేరు ఒక్కటే గుర్తుపడుతుంది. పుస్తకం చేతికిస్తే కళ్లకద్దుకుని కొడుకు ఫోటో పక్కన పెట్టింది. హమ్మయ్య, చెప్పేశాను అనుకున్నాను. పిరికోడి తెలివి!

సినిమావాళ్లు వచ్చి కథ అడిగితే ఇంగ్లీషు కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టాను. "నా కొడుకు గూడ సినిమాల ఉంటడా?" అని సాయవ్వ పదిసార్లు అడిగింది. ఉంటాడన్నాను. మొదటి ఆటకు నేనే తీసుకుపోయాను.

ఉన్నాడు. క్యాంపుకు అగ్గి పెట్టింది, షట్టర్ దించింది దూలమన్నే. మసివీరుడు తక్కిన ఐదుగుర్నీ భుజాన వేసుకుని తెచ్చి, వాణ్ని మంటల్లోకి తన్నాడు. మధుకర్ ముంజేతి మీద తల్లి పేరు పచ్చబొట్టు ఉండేది. పుస్తకంలో నేను గీసిన దాంట్లో అదొక్కటే వాళ్లు ఉన్నదున్నట్టు తీసుకున్నారు. కాలుతున్న చెయ్యి తెరంతా నిండింది. హాలంతా ఈలలు, చింపిన కాగితాలు.

"గది నా పేరే గదా, కొడుకా?" అంది సాయవ్వ. నేను తల ఊపాను.

డైరెక్టర్‌కు ఫోన్ చేసి తిట్టాను. "హీరో పారిపోతే సినిమా ఎవడు చూస్తాడన్నా? సంతకం పెట్టావు కదా" అని పెట్టేశాడు.

మూడో రోజు పొద్దున సాయవ్వ షాపుకు వచ్చింది.

"మా వోడు అగ్గి పెట్టిండని ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు కొడుకా? నా మనసు నొస్తదనా?"

"లేదవ్వా! గదంత అబద్ధం. వాడు మమ్ముల బతికిచ్చిండు. నేనే వాన్ని ఇడిసిపెట్టి ఉరికిన."

"గంత పెద్దోళ్లు ఒట్టిగనే తీస్తరా? నిజంగ జరిగిందని బయట రాసిన్రట. మా పక్కింటి పిల్ల సదివి చెప్పింది."

ఆ ఫ్లెక్సీ కొట్టిన మిషన్ పగలగొట్టాలనిపించింది. కామిక్ తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టాను. "గిది వాడు. గిది నేను. ఇగో, వాడు పిలుస్తుండు. ఇగో, నేను ఉరుకుతున్న."

చాలాసేపు చూసింది. "నా కొడుకును మంచిగ సూపెట్టనీకి నిన్ను నువ్వు చెడగొట్టుకున్నవా కొడుకా! గింత మంచోనివి."

"మంచోన్ని గాదవ్వా! నీ కాళ్లు మొక్కుత, నమ్ము!" అని అరిచాను. రెండు చేతులూ చాపాను. "సూడు, ఒక్క కాలిన మచ్చన్న ఉన్నదా? పట్టుకుంటే ఉండకపోవునా?"

ఆమె నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. "దేవుడు సల్లగ సూసిండు" అని వాటిని కళ్లకద్దుకుంది. కళ్లు తడిగా తగిలాయి. లాక్కోవడం నాకు చేతకాలేదు.

"నన్ను మాఫ్ చెయ్యి కొడుకా. తక్కిన ఐదుగురి ఇండ్లు గూడ సూపెట్టు. అందరి కాళ్లు మొక్కొస్త."

మొదటి ఇల్లు గొల్లపల్లి హన్మండ్లుది. 'నిన్ను సినిమాల మస్తు సూపెట్టిన్రన్నా' అని నిన్ననే నాకు ఫోన్ చేశాడు. వద్దంటే ఆమె ఒక్కతే బయలుదేరేట్టుంది. వెంట వెళ్లాను. జగిత్యాలలో బస్సు మారాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక కండక్టర్ ఆమెకు జీరో టికెట్ కొట్టాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదిలిస్తోంది.

"'నా కొడుకు తప్పు జేసిండు, కడుపుల పెట్టుకోండ్రి' అని చెప్త. గట్లంటే సరిపోతదా, కొడుకా?" అని నన్నే అడిగింది.