ఏప్రిల్ పన్నెండు, మూడో లైను

ఆ పేపర్లో ఆరో పేజీ అడుగున, ఎడమ పక్కన, అగ్గిపెట్టెంత చోటులో 'చరిత్రలో ఈ తేదీ' అని ఒక శీర్షిక వస్తుంది. ఇరవై రెండేళ్లుగా దాన్ని రాసేది ఒకే మనిషి. అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఆఫీసులో ఎవరి నోటా వినపడదు. అందరికీ అతను క్యాలెండరు. నా పెళ్ళిరోజున చరిత్రలో ఏం జరిగిందయ్యా అని ఎవరైనా అడిగితే, రెండు ఓడలు మునిగాయి, ఒక రాజ్యం కూలింది అనేవాడు. నవ్వకుండా అనేవాడు కాబట్టి నిజమో వేళాకోళమో అడిగినవాడికి తేలేది కాదు.

అతని చదువు తొమ్మిదో తరగతి మధ్యలో తెగిపోయింది. ప్రూఫులు దిద్దే పనికి చేరి, తప్పులు పట్టీ పట్టీ కళ్ళజోడు మందమయ్యాక, ఎవరూ ముట్టుకోని ఈ తేదీల పని అతని నెత్తిన పడింది. పనికిమాలిన పని అని అందరూ అనుకున్నారు. అతను మాత్రం రేకు పెట్టె ఒకటి సంపాదించి, ఏడాదిలో ఒక్కో తేదీకి ఒక్కో అట్టముక్క చొప్పున రాసి పెట్టుకున్నాడు. ఎవడు ఏ కొండ ఎక్కాడు, ఎవరు ఏ మందు కనిపెట్టారు, ఏ యుద్ధం ఎప్పుడు మొదలైంది, అన్నీ అందులో ఉంటాయి.

ఆ శీర్షికకు ఒకటే పద్ధతి. పాత ఏడాది పైన, కొత్త ఏడాది కింద. మామూలు రోజుల్లో ఆరు లైన్లు పడతాయి. యాడ్ వస్తే చోటు కావాలి కాబట్టి కిందనుంచి కోస్తారు. చదివి కోయరు, కొలిచి కోస్తారు. అందుకని ఆ పేపర్లో నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతికి ఏ ఢోకా ఉండదు. నిన్నమొన్న పోయినవాళ్ళకే నిలవ నీడ లేదు.

క్యాలెండరు వాళ్ళ అన్న నిన్నమొన్న పోయినవాళ్ళలో ఒకడు.

1987 ఏప్రిల్ పన్నెండున, పొద్దున పదకొండు గంటలకు, ఊరి చివర దారం మిల్లులో దూది దువ్వే గదికి నిప్పంటుకుంది. గదిలో తొమ్మిది మంది ఉన్నారు. పనివాళ్ళు మాటిమాటికీ టీకి బయటికి పోతున్నారని గది తలుపుకు బయటనుంచి తాళం వేయించేవాడు మేనేజరు. తాళంచెవి ఉన్న మనిషి ఆ పూట ఎక్కడికో వెళ్ళాడు. వాడు వచ్చేసరికి తలుపు తీయాల్సిన అవసరం ఎవరికీ మిగల్లేదు. విచారణ అన్నారు, కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ప్రమాదానికి కారణం తెలియరాలేదని రాసి అందరూ చేతులు దులుపుకున్నారు. మిల్లు మూతబడింది. ఇప్పుడక్కడ సోఫాలూ మంచాలూ అమ్ముతారు. అద్దాల తలుపులు, వాటంతటవే తెరుచుకుంటాయి.

అమ్మానాన్నలు లేని క్యాలెండరును పెంచింది అన్న. అన్న పోయాక పెంచింది వదిన. ఇరవై ఆరేళ్ల మనిషి, కుట్టుమిషను ముందేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, మరిదికి కూడు పెట్టింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు కొలతలు తీసుకుంటున్నట్టు టేపు చేతిలో పట్టుకునే జవాబు చెప్పి పంపించింది. దేనికీ ఎవర్నీ దేబిరించలేదు. ఆరేళ్ల కిందట మాత్రం ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, ఎవడో గుర్రం మీంచి పడ్డ రోజు కూడా వేస్తావు కదా, మీ అన్న రోజు ఎందుకు వెయ్యవు అని అడిగింది. అతను ఇంటి సంగతి పేపర్లో పెట్టుకుంటే నలుగురూ ఏమంటారో అని ఇన్నాళ్ళూ వెనకాడాడు. ఆ ప్రశ్నతో తల తీసేసినట్టయింది.

ఆ ఏడాది నుంచీ పెడుతూనే ఉన్నాడు. పెట్టిన ప్రతిసారీ ఎగిరిపోతూనే ఉంది. ఎండాకాలం కాబట్టి కూలర్ల వాళ్ళ యాడ్ పడేది. ఒక ఏడు ఎవరో పెద్దమనిషి పోతే ఫొటోతో సహా శ్రద్ధాంజలి వచ్చిపడింది. ఆ ఒక్క చావుకి చోటు కోసం తొమ్మిది చావులు తీసి పక్కన పెట్టారు. ఇది చూసి క్యాలెండరు నవ్వాడట. ఆ నవ్వు చూసినవాళ్ళు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఈ ఏడాది సంగతి వేరు. వదిన కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలనుంచి చీకటి మూసుకుంటూ వస్తోంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది వచ్చే ఏడాదిదాకా ఆగుతుందో లేదో చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు. ఆమె యూనిఫారాల పని ఒక్కొక్కటే పక్కింటావిడకు అప్పజెప్పడం మొదలుపెట్టింది.

అందుకని పదకొండో తారీకు మధ్యాహ్నం క్యాలెండరు పేజీల ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరిని బతిమాలాడు. ఇన్‌చార్జి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల కుర్రాడు, రెండు ఫోన్ల మధ్య తల ఇరుక్కుపోయినవాడు.

"బాబాయ్, చోటుంటే నేనెందుకు తీస్తాను? మూడు కాలమ్‌ల కూలర్ యాడ్ పడింది. నాలుగు లైన్లే మిగులుతాయి."

"పైనున్నవి రెండు తియ్యండి బాబూ. భూమి తిరుగుతుందన్నాయన్ని విచారణకి నిలబెట్టిన సంగతి ఏటా వేస్తున్నాం. ఒక్క ఏడు వెయ్యకపోతే భూమేం ఆగదు."

ఇన్‌చార్జి నవ్వాడు. నవ్వి, ఇవాళ నీకోసం పైవి తీస్తే రేపు ఇంకొకడు వాళ్ళ తాతది తెస్తాడు, పద్ధతి పద్ధతే అన్నాడు. అని ఫోనెత్తాడు.

క్యాలెండరు తన కుర్చీలోకి వచ్చి అట్టముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాడు. 1633, విచారణ. 1861, సముద్రం అవతల దేశంలో అన్నదమ్ముల యుద్ధం మొదలు. 1955, పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటన. 1961, అంతరిక్షంలోకి మొదటి మనిషి. 1981, మొదటి స్పేస్ షటిల్. ఆ కింద, కత్తెరకు ఎదురుగా, అన్న.

చాలాసేపు చూశాడు. తరవాత 1987 కొట్టేసి 1887 అని టైపు చేశాడు. అన్న టకటకా మూడు మెట్లెక్కి యుద్ధానికీ టీకాకీ మధ్య కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లలో క్యాలెండరు చేతుల మీదుగా లక్ష తప్పులు దిద్దుబాటై ఉంటాయి. తెలిసి పెట్టిన తప్పు ఇదొక్కటే. ఒక్క అంకే కదా, అచ్చుతప్పంటే సరిపోతుంది, లైను పడటం ముఖ్యం అనుకున్నాడు. సాయంత్రం యాడ్ వచ్చింది, కిందనుంచి రెండు లైన్లు కోశారు. అంతరిక్షంలోకి వెళ్ళిన మనిషి పేజీలోంచి జారిపోయాడు. అన్న నిలబడ్డాడు.

మర్నాడు తెల్లారి పేపరు తీసుకుని వదిన ఇంటికి వెళ్ళాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. ఆరో పేజీ మడిచి చేతికిచ్చాడు. ఆమె పేపర్ని కొంచెం కొంచెంగా జరుపుతూ, చూపున్న చోటికి ఒక్కో మాటా తెచ్చుకుంటూ చదివింది. మూడో లైను దగ్గర వేలు ఆగింది. దారం మిల్లులో అగ్నిప్రమాదం, తొమ్మిది మంది కార్మికుల మృతి. వేలు వెనక్కి జరిగి ఏడాది మీదికి వచ్చింది.

"పద్దెనిమిది వందల ఎనభై ఏడు" అంది.

"అచ్చుతప్పు వదినా."

"నువ్వుండగానా?"

 ఆమె ముందు అతని అబద్ధం ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి నిలబడలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు, కూలర్ల సంగతి, కిందనుంచి కోత సంగతి, అన్నను పైకి ఎక్కించిన సంగతి. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"నాకోసమే చేశావులే. తెలుసు" అంది. "కానీ చూడు. అప్పటికి మీ అన్న పుట్టలేదు. నేనూ పుట్టలేదు. ఆ తొమ్మిది మందికోసం ఏడ్చినవాళ్ళు కూడా ఎప్పుడో పోయుంటారు. ఇది చదివినవాడు అయ్యో పాపం అనుకుని టీ తాగేస్తాడు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

అతను వంగి మూడో లైను మళ్ళీ చూశాడు.

"తాళం వేయించినవాడు బతికే ఉన్నాడురా. మొన్న కళ్ళాసుపత్రిలో చూశాను, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. పొద్దున్నే పేపరు చదివే ఉంటాడు. ఆ లైను వాడి కంట పడాలనేరా ఇన్నేళ్ళూ చూసింది. పడింది. వాడి ముత్తాత కాలం నాటిదని పడింది."

 ఆమె అడిగింది అన్నకు గౌరవం అనుకున్నాడు క్యాలెండరు ఇన్నాళ్ళూ. ఆరేళ్లు కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఆ తాళం వేయించినవాడి ముఖానికి తనే ముసుగు కప్పి వచ్చాడు.

నేరుగా ఆఫీసుకు వెళ్ళి ఇన్‌చార్జి ముందు నిలబడి, తప్పు వేశాను, రేపు సవరణ వెయ్యండి అన్నాడు. రెండో పేజీలో తప్పొప్పుల కోసం చిన్న చోటుంది. దాన్ని యాడ్లవాళ్ళు కూడా ముట్టుకోరు. ఇన్‌చార్జి అతన్ని ఎగాదిగా చూశాడు. పొద్దుటినుంచి ఒక్క ఫోను కూడా రాలేదని, ఊరంతా చదివి ఊరుకుందని, పట్టుబడని తప్పును ఎవడైనా పట్టిస్తాడా అనీ అడిగాడు. వినకపోయేసరికి విసుక్కున్నాడు. పాఠకులెవరైనా రాతపూర్వకంగా అడిగితేనే సవరణ వేస్తారు. వేశాక ఎవరు చేశారని పైవాళ్ళు అడుగుతారు. కావాలని చేశాడని తెలిస్తే ఆ శీర్షిక ఇక అతని చేతిలో ఉండదు.

"ఆలోచించుకో బాబాయ్. ఇరవై రెండేళ్ల పని."

"ఆలోచించే వచ్చాను" అన్నాడు క్యాలెండరు.

వదినతో మొత్తం చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. నీ పని పోగొట్టుకుని నాకు ఒరగబెట్టేదేమిటి అంది. పని పోదు, తేదీలు పోతాయి, మళ్ళీ ప్రూఫులు దిద్దుకుంటాను, మిగిలిన మూడొందల అరవై అయిదు రోజులు ఎవడు రాస్తే నాకేం అన్నాడతను. రెండు పూటలు ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు. మూడో పూట ఆమే కాగితం అడిగింది.

ఎవరిచేతా రాయించలేదు. ఎండ బాగా పడేచోట బల్ల వేయించుకుని తన చేత్తోనే రాసింది. పెద్దపెద్ద అక్షరాలు. ఆ ప్రమాదం 1987లో జరిగిందనీ, పోయినవాళ్ళలో తన భర్త ఒకడనీ, తలుపుకు బయటనుంచి తాళం వేసి ఉందనీ, ఆ సంగతి కూడా వేయాలనీ రాసింది. కింద సంతకం పెట్టి, మిల్లువాళ్ళు భర్తకిచ్చిన గుర్తింపు కార్డు నంబరు కూడా వేసింది. చూడకుండానే వేసింది.

పదిహేడో తారీకున సవరణ పడింది. ఆ ముందురోజే క్యాలెండరు రేకు పెట్టెను ఇన్‌చార్జి బల్ల మీద పెట్టి, ప్రూఫుల గదిలోకి మారిపోయాడు.  ఒకడు, ఇక నా పుట్టినరోజున ఏం జరిగిందో ఎవర్ని అడగాలి అన్నాడు. ఏమీ జరగలేదనుకో అన్నాడు క్యాలెండరు.

పేపరు పట్టుకెళ్ళి వదిన చేతికిచ్చాడు. ముందుగా తను చదవలేదా అంటే చదివాడు. అందుకే దారిలో రెండుసార్లు ఆగాడు.

ఆమె పేపరు జరుపుకుంటూ చదివింది. పన్నెండో తారీకు సంచికలో దారం మిల్లు అగ్నిప్రమాదం జరిగిన సంవత్సరాన్ని 1987గా చదువుకోవాలి. ఆ ప్రమాదంలో తొమ్మిది మంది చనిపోయినట్టు బాధిత కుటుంబానికి చెందిన పాఠకురాలు తెలియజేశారు. వేలు చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి పేపర్ని కుడిపక్కకు, ఎడమపక్కకు జరిపి వెతికింది. కిందికీ జరిపింది.

"తాళం సంగతి పక్కకి పడిందేమోరా. నాకు పక్కలు ఆనడం లేదు. చూడు."

తాళం సంగతి రుజువు కాలేదని, కేసవుతుందని ఆ వాక్యం తీసేశారు. అతను పేపరు తీసుకున్నాడు. ఒక పక్క తెల్లటి అంచు, ఒక పక్క వాతావరణ సూచన. ఉందని చెప్పి, ఆ వాక్యం తనే చదివి వినిపించవచ్చు. ఆమె చేత్తో రాసిన మాటలు అతనికి కంఠతా వచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు వదినా" అన్నాడు. "నీకు కనిపించినంతే ఉంది."

ఆమె తలూపింది. పేపరు ఇమ్మని చెయ్యి చాపి, చెయ్యి గాలిలో అతని చేతికి కాస్త పక్కగా ఆగితే, అతనే దగ్గరికి జరిగి అందించాడు. ఆమె ఒళ్ళో పెట్టుకుని, ఏడాది ఉన్న చోట వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.