నా వాసన, నూకరాజు మీద నింద

నేను ఒక ఇనపడబ్బాను. కారు కడుపు కింద, ఇంజనుకీ సైలెన్సరుకీ మధ్య ఉంటాను. మెకానిక్కులు నన్ను కన్వర్టర్ అంటారు. మిగతావాళ్లు ఏమీ అనరు, నేనొకదాన్ని ఉన్నానని వాళ్లకు తెలియదు కాబట్టి. నా లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని గదుల గోడలకు బంగారంతో పోటీపడే లోహాల పూత. ఇంజను వదిలే విషపు పొగ ఆ గదుల్లోంచి పోతే విషం చాలావరకు విరిగిపోతుంది. అదీ నా ఉద్యోగం.

ఫ్యాక్టరీలో నన్ను తెల్ల తొడుగులు వేసుకున్న చేతులతో పట్టుకున్నారు. ఆ తర్వాత అంత మర్యాద మళ్లీ చూడలేదు. మొదటి యజమాని బ్యాంకు ఆఫీసరు. రోజూ కారు తుడిచేవాడు, పైన మాత్రమే. ఆయన దగ్గర్నుంచి తునిలో సోమిదేవమ్మగారి చేతికి వచ్చాను.

ఆవిడ పెళ్లిళ్లకు వంట చేయించేవారు. ఉల్లి, వెల్లుల్లి కూడా తగలని వంట. ఆ పేరు మీదే ఆవిడకు పిలుపులు వచ్చేవి. వెనక సీటు తీయించి బూరెల గంగాళాలు, పులిహోర గిన్నెలు పెట్టించేవారు. డ్రైవరు నూకరాజుకు ఇంట్లో గుడ్డు లేనిదే ముద్ద దిగదు. ఆ సంగతి తెలుసు కనుక, కారులోకి గుడ్డు తేనని మొదటి రోజే అతని చేత ఒట్టు వేయించారు.

అంతా బాగానే ఉండగా ఇంజనులో పెట్రోలుకు నిప్పంటించే ప్లగ్గు ఒకటి మొరాయించింది. కాలని పెట్రోలు నేరుగా నా మీదికి వచ్చి, నా గదుల్లో కాలడం మొదలుపెట్టింది.

"ఇంజను కొట్టుకుంటాందండి. షెడ్డుకి తీసుకెళ్దారండి" అన్నాడు నూకరాజు.

"మాఘమాసం ముహూర్తాలు అవనీరా."

ఈలోగా స్టీరింగు వెనక పసుప్పచ్చ దీపం వెలిగింది. అది నా ఏడుపు. "ఇదేమిటి, నా కళ్లలో పొడుస్తోంది" అని సోమిదేవమ్మగారు దాని మీద వినాయకుడి స్టిక్కరు అంటించారు. నా ఏడుపు ఆయన బొజ్జ వెనక ఉండిపోయింది.

దీపంతో చెప్పలేకపోయాక వాసనతో చెప్పాను. పాడైన కన్వర్టరు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. అది నా తప్పు కాదు, పెట్రోలులో ఉన్న గంధకం తప్పు. కానీ ఆ కారు ఎక్కేవాళ్లలో గుడ్డు తినే మనిషి ఒక్కడే కదా.

"ఒరే, నిజం చెప్పు. సీటు కింద ఏం దాచావు?"

"ఒట్టండి అమ్మగారండీ! పొద్దుట్నించీ రెండిడ్లీ తప్ప ఏం తిన్లేదండి."

సీటు కింద వెతికారు. డిక్కీ కడిగించారు. సాంబ్రాణి వేయించారు. సాంబ్రాణి పొగలో గుడ్డు ఉడుకుతున్నట్టుగా తయారైంది.

అన్నవరం కొండ మీద పెళ్లి రోజున వ్యవహారం ముదిరింది. అప్పటికి నా గదులు కరిగి మూసుకుపోయాయి. ఇంజనుకు ఊపిరి వదిలే దారి లేదు. గంగాళాలతో సగం కొండెక్కి కారు నిలబడిపోయింది. వాసన మాత్రం ఎక్కుతూనే ఉంది. ఆటోలు పిలిచి బూరెలు పైకి పంపాక ఆవిడ చెయ్యి చాచారు.

"తాళం ఇలా ఇయ్యి. ఈ కంపు పెళ్లివారి ముక్కుకు తగిలితే నా వంట ఎవరు తింటారురా? రేపట్నించి రావద్దు."

"అలాగేనండి. ఒక్కసారి మెకానిక్కు మస్తాన్‌కి చూపించండి. అందులో గుడ్డు పెంకు దొరికినా మీ గుమ్మం తొక్కనండి."

పెళ్లి భోజనాలయ్యాక కారును కొండ కింద మస్తాన్ షెడ్డుకు లాక్కొచ్చారు. మస్తాన్‌కు ఆ రోజు పడిశెం. ఇంజను స్టార్టు చేసి, వెనక పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. గాలి నీరసంగా వస్తోంది. ఇంజను ఆపి రబ్బరు సుత్తితో నన్ను తట్టాడు. లోపల గలగలమంది. నా ముందున్న సెన్సరు విప్పి, ఆ కన్నంలో గాలి ఒత్తిడి చూసే మీటరు బిగించి మళ్లీ స్టార్టు చేశాడు. ముల్లు గబగబా పైకి లేచింది.

"దీని గొంతు పూడిపోయిందండి. వాసన కూడా దీనిదే అయ్యుంటాది. నా ముక్కు పని చేత్తాలేదు, మీరు గొట్టం దగ్గర చూసి చెప్పండమ్మా."

సోమిదేవమ్మగారు కొంగు దోపుకుని వంగారు. ఒకసారి పీల్చారు. వెంటనే లేచారు.

"గుడ్డే. కుళ్లిన గుడ్డే."

"గుడ్డని ఎలా తెలిసిందండి?" మస్తాన్ అమాయకంగా అడిగాడు.

"అడిగింది చెప్పాను కదా! ఎలా తెలిస్తే నీకెందుకయ్యా?"

మస్తాన్ ముందు ప్లగ్గు మార్చాడు, లేకపోతే కొత్తదానికీ ఇదే గతి అని. తర్వాత నన్ను విప్పి నేల మీద పెట్టి, నా చోట కొత్తదాన్ని బిగించాడు. ఆవిడ చాలాసేపు నన్నే చూశారు. ఇన్నేళ్లలో ఒక యజమాని నా ముఖం చూడడం అదే మొదలు.

"ఇదేనండి అమ్మగారండీ," అన్నాడు నూకరాజు, "గుడ్డు పెట్టిన కోడి."

ఆవిడకు నవ్వాగలేదు. దాన్ని దగ్గుగా మార్చి, తాళం అతని చేతిలో పడేశారు. "బండి తియ్యి. ఇంకొక్క మాట అన్నావో, నిజంగానే మానిపిస్తాను."

నేనిప్పుడు షెడ్డు మూల పాత టైర్ల పక్కన ఉన్నాను. ఎవరో వచ్చి నా కడుపు కోసి ఆ లోహాలు తీసుకుంటారట. నాకు దిగులు లేదు. ఏళ్ల తరబడి గాలి బాగుచేస్తే ఎవరూ నా పేరడగలేదు, కంపు కొట్టాకే గదా తెలిశాను.

ఆ రోజు కారు కదలబోతూ ఆగింది. సోమిదేవమ్మగారు ముందుకు వంగి, గోటితో వినాయకుణ్ణి నెమ్మదిగా ఊడదీసి పక్కన అంటించారు. దీపం వెలగలేదు. వెలిగితే కనిపించేలా మాత్రం ఉంది.

"ఇది మళ్లీ వెలిగితే," అన్నారు రోడ్డు వైపు చూస్తూ, "ముహూర్తాలున్నా సరే, చెప్పు."